అవ్వా పోయె, బువ్వా పోయె

లండన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్‌కు కూతవేటు దూరంలో లాంకాస్టర్ హౌస్ అనే పాత భవంతి ఉంది. బంగారు పూత గోడలు, వేలాడే దీపాల గుత్తులు, ప్రభుత్వ విందులు. 1988 ఏప్రిల్‌లో మార్గరెట్ థాచర్ అక్కడ నిలబడి బ్రిటిష్ వ్యాపారులకు శుభవార్త చెప్పింది: 30 కోట్ల మందికి పైగా కొనుగోలుదారులున్న ఐరోపా ఉమ్మడి మార్కెట్ మీ గుమ్మంలోకి వస్తోంది, సరిహద్దులో ఆపేవాడుండడు, తయారుగా ఉండండి అని. 2017 జనవరిలో ఆమె పార్టీకే చెందిన థెరెసా మే అదే భవంతిలో నిలబడి ఆ మార్కెట్ మాకొద్దు, కస్టమ్స్ యూనియన్ కూడా వద్దు అని తేల్చేసింది. 2025 మేలో లేబర్ ప్రధాని కియర్ స్టార్మర్ ఐరోపా సమాఖ్య (ఈయూ) పెద్దలను మళ్లీ అదే భవంతికి పిలిచి, మా మాంసం లారీలను, చేపల లారీలను కాస్త తొందరగా వదలండి బాబూ అని ఒక అంగీకారం రాయించుకుని దానికి ‘రీసెట్’ అని పేరు పెట్టుకున్నాడు.

మాట మార్చడం రాజకీయాల్లో కొత్తేమీ కాదు. ఒళ్లు మండేది అందుకు కాదు. 2016లో జనం చేత ఓటు వేయించినప్పుడు ధర చెప్పలేదు. 2020లో సంతకం పెట్టినప్పుడూ చెప్పలేదు. నష్టం కళ్లకు కట్టినట్టు కనిపిస్తున్నా, ఇప్పుడు సర్దుబాట్లు చేసుకుంటున్నప్పుడూ చెప్పడం లేదు. బయటికి లాగినవాళ్లదీ, మెల్లగా వెనక్కి తీసుకెళ్తామంటున్నవాళ్లదీ ఒకటే అలవాటు. సరుకు చూపిస్తారు, ధర చీటీ దాచేస్తారు.

2016 జూన్ 23న బ్రెగ్జిట్ రెఫరెండం బ్యాలెట్ మీద ఉన్నది ఒకే ప్రశ్న: ఈయూలో ఉండాలా, వెళ్లిపోవాలా? 1.74 కోట్ల మంది వెళ్లిపోదామన్నారు, 1.61 కోట్ల మంది ఉందామన్నారు. 51.9 శాతం, 48.1 శాతం. వెళ్లాక వ్యాపారం ఏ పద్ధతిన చేయాలో ఆ కాగితం మీద ఒక్క ముక్క లేదు. అది మరిచిపోయి వదిలేసిన ముక్క కాదు. రాసి ఉంటే బయటికి లాగినవాళ్లు ఓడిపోయేవాళ్లు. వెళ్లిపోదామన్నవాళ్లలో నార్వేలా బతుకుదామనుకున్నవాడున్నాడు, సింగపూర్‌లా వెలిగిపోదామనుకున్నవాడున్నాడు, విదేశీ మొహమే కనిపించకూడదనుకున్నవాడున్నాడు, ఊళ్లో మూతపడ్డ ఫ్యాక్టరీ మీది కసిని ఓటులో తీర్చుకున్నవాడున్నాడు. ఇన్ని రకాల కోరికలను ఒకే సంచిలో పోసి, మూతి బిగించి, ప్రజాతీర్పు ఇదేనన్నారు. సంచి విప్పి చూపించమన్నవాడిని దేశద్రోహి అన్నారు.

అప్పటి ప్రచారం గుర్తుంది కదా. ఎర్ర బస్సు మీద రాతలు: వారానికి 35 కోట్ల పౌండ్లు ఈయూకు పోస్తున్నాం, అవి మన ఆసుపత్రులకు ఇద్దాం. బ్రిటన్‌కు దక్కే రాయితీని తీసేయకుండా వేసిన కాకిలెక్క అది. దేశ గణాంకాల పర్యవేక్షణ సంస్థే తప్పు పట్టింది. అయినా బస్సు ఊళ్లన్నీ తిరిగింది. ఓటు పడ్డ మర్నాడు ముక్కలన్నీ మన చేతిలోనే ఉంటాయన్నాడు బ్రెగ్జిట్ ప్రచార నేత మైకేల్ గోవ్. నష్టమన్నదే లేదు, అంతా లాభమే అన్నాడు బ్రెగ్జిట్ మంత్రి డేవిడ్ డేవిస్. ఈయూతో వాణిజ్య ఒప్పందం మానవ చరిత్రలోనే అతి తేలికైన వాటిలో ఒకటి కావాలి అని 2017 జూలైలో సెలవిచ్చాడు వాణిజ్య మంత్రి లియామ్ ఫాక్స్. ఇక బోరిస్ జాన్సన్ సంగతి. అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్నదాన్ని మనం వెక్కిరింపుగా వాడతాం. ఆయన దాన్ని విధానంగా ప్రకటించుకుని, పకపకా నవ్వి, ప్రధాని కూడా అయ్యాడు.

అసలు ప్రశ్న ఓటు అయ్యాక బయటికొచ్చింది. పొరుగువాడి కూటమిలోంచి లేచి వచ్చేశాక, ఆ పొరుగువాడితోనే వ్యాపారం చేసుకోవడానికి ఉన్న దారులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. వాటిలో ఏదీ ఉచితం కాదు.

నార్వే ఉమ్మడి మార్కెట్‌లో ఉంది. బ్రస్సెల్స్‌లో రాసిన నిబంధన పాటిస్తుంది. రాసే గదిలో దానికి ఓటు లేదు. డబ్బు కడుతుంది. ఈయూ పౌరుడెవడైనా ఓస్లో వచ్చి ఉద్యోగం చేసుకోవచ్చు. ఇంత చేసినా కస్టమ్స్ యూనియన్‌లో లేదు కాబట్టి, స్వీడన్ సరిహద్దులో స్వినెసుండ్ వంతెన దగ్గర సరుకు లారీ ఆగి కాగితాలు చూపించక తప్పదు. లండన్ టీవీ చర్చల్లో ‘మెత్తని బ్రెగ్జిట్’ అని ముద్దు పేరు పెట్టుకున్న దారి ఇదే.

టర్కీది ఇంకో కథ. బ్రిటన్‌లో ఇప్పుడు మళ్లీ కస్టమ్స్ యూనియన్ జపం మొదలైంది కాబట్టి ఈ కథను కాస్త నిలబడి వినాలి. 1996 నుంచి టర్కీకి ఈయూతో కస్టమ్స్ యూనియన్ ఉంది. ఫ్యాక్టరీ సరుకు మీద సుంకం లేదు, ఈ బోల్టు ఎక్కడ పుట్టింది, ఆ తీగ ఎక్కడ పుట్టింది అని నిరూపించుకునే పీడ లేదు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఈయూ వెళ్లి మూడో దేశంతో ఒప్పందం చేసుకుంటే, ఆ దేశపు సరుకుకు టర్కీ కూడా తలుపు తీయాలి. టర్కీ సరుకుకు ఆ మూడో దేశం తలుపు తీయాలన్న నియమం మాత్రం లేదు. కావాలంటే విడిగా వెళ్లి బతిమాలుకోవాలి. బేరమాడేది బ్రస్సెల్స్, బిల్లు కట్టేది అంకారా. వ్యవసాయ సరుకు చాలావరకు ఆ ఒప్పందంలో లేనే లేదు. పైగా బల్గేరియా సరిహద్దు కపికులే దగ్గర లారీల బారు ఇప్పటికీ ఉంది. లారీకి పర్మిట్టు కావాలి, డ్రైవర్‌కు వీసా కావాలి. సుంకం లేనంత మాత్రాన చక్రం తిరగదు.

స్విట్జర్లాండ్ వందకు పైగా విడివిడి ఒప్పందాలతో నెట్టుకొస్తోంది. ఒకటి తెగితే ఇంకొకటి ఊగుతుంది. కెనడా పద్ధతిలో సుంకాలు తగ్గుతాయి, కాగితాలు తగ్గవు. ఏదీ కుదరకపోతే డబ్ల్యూటీఓ నిబంధనలే దిక్కు. అంటే కారు మీద 10 శాతం సుంకం కట్టి అమ్ముకోవడం.

ఈ దారుల్లో ఏదో ఒకటి ఎంచుకుని, దాని ధర ఇంత అని చెప్పి, జనాన్ని ఒప్పించడమే నాయకుడి పని. 2019లో వెస్ట్‌మినిస్టర్ పార్లమెంటు ఏం చేసిందో చూడండి. జనవరి 15న థెరెసా మే తెచ్చిన నిష్క్రమణ ఒప్పందాన్ని 230 ఓట్ల తేడాతో చిత్తు చేసింది. సరే, మీకేం కావాలో మీరే చెప్పండి అంటే మార్చి 27న ఎనిమిది ప్రత్యామ్నాయాలు బల్ల మీద పెట్టుకుని ఎనిమిదింటినీ ఓడించింది. ఏప్రిల్ 1న కస్టమ్స్ యూనియన్ తీర్మానం మళ్లీ వస్తే 276కు 273, మూడంటే మూడు ఓట్లతో పోయింది. ఆ మూడు ఓట్లు ఎవరివి? ఇక్కడ బ్రెగ్జిట్ వీరులను మాత్రమే తిడితే అన్యాయం. ఈయూను ప్రేమిస్తున్నామని వీధుల్లో నీలి జెండాలు ఊపినవాళ్లలో కొందరు, రెండో రెఫరెండం వస్తే మొత్తం దక్కుతుంది కదా అన్న ఆశతో ఆ రోజు సగం రొట్టెను కాలదన్నారు. మొత్తం రొట్టె జాన్సన్ తన్నుకుపోయాడు.

2020 డిసెంబరు 24న ఒప్పందం కుదిరింది. పన్నెండు వందలకు పైగా పేజీలు. సుంకం సున్నా, కోటా సున్నా అని ఊదరగొట్టారు. సుంకమే కాదు, వ్యాపారానికి వేరే అడ్డంకులు కూడా ఉండవన్నాడు జాన్సన్ ఆ రోజే. నేను చూసినంతలో ఈ మొత్తం వ్యవహారంలో ఇంత నిబ్బరంగా చెప్పిన అబద్ధం ఇంకొకటి లేదు. ఎందుకంటే అప్పటికి ఐరోపాలో సుంకం ఎప్పుడో చచ్చిపోయిన శత్రువు. థాచర్ కట్టించిన ఉమ్మడి మార్కెట్ చంపింది సుంకాన్ని కాదు, కాగితాన్ని. ఆమె మనిషే లార్డ్ కాక్‌ఫీల్డ్ 1985లో బ్రస్సెల్స్‌లో కూర్చుని, సరిహద్దులో లారీని ఆపే కారణాలను ఒక్కొక్కటీ ఏరి పట్టిక రాశాడు. ఆ పట్టికను కొట్టేయడానికి ఏడేళ్లకు పైగా పట్టింది. 1993 జనవరి 1 నుంచి ఉమ్మడి మార్కెట్ నడిచింది. కన్సర్వేటివ్ పార్టీ తన నాయకురాలు కొట్టేసిన పట్టికనే తిరిగి రాసి, స్వాతంత్ర్యం వచ్చిందని బాణసంచా కాల్చింది.

ఆ పట్టిక ఎలా ఉంటుందో 2021 జనవరిలో నెదర్లాండ్స్ టీవీ చూపించింది. ఇంగ్లాండ్ నుంచి ఓడ దిగిన లారీ డ్రైవర్ దగ్గర వెండిరంగు రేకులో చుట్టిన సాండ్‌విచ్‌లు ఉన్నాయి. లోపల మాంసం ఉందా అని కస్టమ్స్ అధికారి అడిగాడు. ఉందన్నాడు. తీసేసుకున్నారు. పోనీ మాంసం తీసుకుని రొట్టె ఇవ్వండి అంటే, కుదరదు, మొత్తం జప్తే, బ్రెగ్జిట్‌లోకి స్వాగతమండీ, ఏమీ అనుకోకండి అన్నాడా అధికారి. ప్రపంచమంతా నవ్వుకుంది. నవ్వాల్సిందేముంది? ఈయూ బయటి దేశం నుంచి మాంసం, పాల సరుకు చేతిలో తీసుకురాకూడదన్న నిబంధన నిన్న పుట్టింది కాదు. బ్రిటన్ లోపల కూర్చున్నప్పుడు బయటివాళ్ల మీద తానూ అమలు చేసిన నిబంధనే. గీతకు అవతలివైపు నిలబడటమంటే ఏమిటో ఆ డ్రైవర్‌కు అంతకుముందు ఎవడూ చెప్పలేదు, అంతే.

మధ్యాహ్నం తిండి పోతే పోయింది. బతుకుతెరువు పోయినవాళ్ల సంగతో? స్కాట్లాండ్‌లో పట్టిన రొయ్య, పీత రాత్రికి రాత్రి లారీ ఎక్కి ఫ్రాన్స్, స్పెయిన్ మార్కెట్లకు చేరేవి. 2021 జనవరి నుంచి ప్రతి సరుకుకూ ఆరోగ్య ధ్రువపత్రం, దాని మీద అధీకృత అధికారి సంతకం, పట్టిన నీళ్ల వివరం, కస్టమ్స్ డిక్లరేషన్. ఒక లారీలో పదిమంది సరుకు ఉంటే ఒక్కడి కాగితంలో ఒక్క గడి తప్పినా పదిమందిదీ ఆగిపోతుంది. చేప అధికారి కోసం ఆగదు, కుళ్లిపోతుంది. ఆ నెల 18న కడుపు మండిన చేపల వ్యాపారులు ఖాళీ లారీలు తెచ్చి పార్లమెంటు ముందు తిప్పారు. జున్ను గంపలు కానుకలుగా ఐరోపాకు పార్శిల్ పంపుకునే చిన్న వ్యాపారి పాతిక ముప్ఫై పౌండ్ల గంపకు 180 పౌండ్ల పశువైద్యుడి సర్టిఫికెట్ జత చేయాల్సి వచ్చింది. పెద్ద సూపర్ మార్కెట్ ఇరవై టన్నుల లారీకీ అదే సర్టిఫికెట్. పెద్దవాడికి అది చిల్లర ఖర్చు. చిన్నవాడు దుకాణంలో ఆ అర మూసేశాడు. ఈ విధానం వల్ల ఎవడు నష్టపోయాడు అంటే దేశం అంటారు. దేశం కాదు, ఈ చిన్నవాడు. మొదట వీడు, చాలాసార్లు వీడు మాత్రమే.

ఈయూ ధర్మసత్రమేమీ కాదు, ఆ భ్రమ కూడా వద్దు. వేల్స్‌లో, కార్న్‌వాల్‌లో ఓ మోస్తరు శుభ్రత ఉన్న నీళ్లలో పెరిగిన బతికున్న ఆల్చిప్పలను అంతకుముందు ఐరోపా వ్యాపారులే తీసుకెళ్లి శుద్ధి చేసుకునేవారు. 2021 రాగానే బయటి దేశపు సరుకు కాబట్టి రానివ్వమన్నారు. నీళ్లు అవే, చిప్ప అదే. పక్కవాడు కూటమి వదిలి వెళ్లినందుకు మరొకడికి బుద్ధి రావాలన్న కసి అందులో లేదంటే నేను నమ్మను. కానీ కూటమి కూటమిలాగే ప్రవర్తిస్తుందని ముందే తెలియదా? తెలుసు. చెప్పలేదు.

చెక్‌పోస్టు అంటే ఏమిటో తెలుగువాడికి పాఠం అక్కర్లేదు. రాష్ట్రం రెండయ్యాక హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద గరికపాడు దగ్గర సరుకు లారీలు ఆగేవి. అటూ ఇటూ ఒకే రూపాయి, ఒకే భాష, నిన్నటిదాకా ఒకే ప్రభుత్వం. అయినా బిల్లు చూపించు, ముద్ర వేయించుకో. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి దేశమంతటా వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేయించింది. జీఎస్టీతో చిన్న వ్యాపారి పడ్డ పాట్లు వేరే వ్యాసం. కానీ ఫాక్స్‌గారు అతి తేలిక అని మురిసిన నెల కూడా అదే. ఇక్కడ ఉన్న చెక్‌పోస్టులు పీకేస్తే, అక్కడ లేనివాటికి ఆ తర్వాత కెంట్ కౌంటీలో ఆష్‌ఫర్డ్ పక్కన సెవింగ్టన్ పొలాల్లో స్థలం చూసుకున్నారు.

ఆ కట్టడాల కథ వింటే ఏడవాలో నవ్వాలో తెలియదు. ఈయూ మొదటి రోజు నుంచే తనిఖీలు పెట్టింది. బ్రిటన్ మాత్రం తన వైపు తనిఖీలను అయిదుసార్లు వాయిదా వేసుకుంది. తనిఖీ పెడితే సొంత జనం తినే టమాటా, మాంసం ధర పెరుగుతుందని భయం. సరిహద్దు మీద అధికారం కోసమే ఇల్లు వదిలి వచ్చినవాళ్లకు, ఆ అధికారం చేతికొచ్చాక వాడటానికి ధైర్యం చాలలేదు. చివరికి 2024 ఏప్రిల్ 30న భౌతిక తనిఖీలు మొదలయ్యాయి. కొత్త సరిహద్దు ఏర్పాట్లకు మొత్తం 470 కోట్ల పౌండ్ల ఖర్చని ప్రభుత్వమే అంచనా వేసుకుంది. పోర్ట్స్‌మత్ రేవులో రెండున్నర కోట్ల పౌండ్లు పోసి తనిఖీ కేంద్రం కట్టారు. అవసరానికి మించి కట్టారని కట్టాక తెలిసింది. ఏడాది తిరిగేసరికి లాంకాస్టర్ హౌస్‌లో ఆ తనిఖీలే అక్కర్లేదన్న ఒప్పందానికి అంకురార్పణ. కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాం. వీళ్లు ఎలుకను పట్టి, దానికి కోట కట్టి, ఎలుకను వదిలేశారు.

ఐర్లాండ్ గొడవలోకి లోతుగా పోను, అది దానికదే ఒక పుస్తకం. ఉత్తర ఐర్లాండ్‌కూ దక్షిణానికీ మధ్య గీత గీస్తే 1998 శాంతి ఒప్పందానికి దెబ్బ. గీయకపోతే బ్రిటన్‌కూ ఉత్తర ఐర్లాండ్‌కూ మధ్య సముద్రంలో గీయాలి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. జాన్సన్ సముద్రంలో గీత గీసే కాగితం మీద సంతకం పెట్టి, గీత లేదని ప్రమాణాలు చేశాడు. 2023 ఫిబ్రవరిలో రిషి సునాక్ విండ్సర్ ఒప్పందంతో ఆ గీతను కాస్త పలచన చేసుకున్నాడు. అంతకుమించి ఎవడి వల్లా కాలేదు, కాదు.

ఇక లెక్కలు. బడ్జెట్ అంచనాల సంస్థ ఓబీఆర్‌ను 2010లో పెట్టింది కన్సర్వేటివ్‌ల నాయకత్వంలోని ప్రభుత్వమే. దాని అంచనా ప్రకారం, లోపలే ఉండి ఉంటే వచ్చేదానితో పోలిస్తే దీర్ఘకాలంలో దేశ ఉత్పాదకత 4 శాతం తగ్గుతుంది, ఎగుమతులూ దిగుమతులూ 15 శాతం తగ్గుతాయి. అంచనాయే కదా, కోవిడ్ వల్ల కావచ్చు, ఉక్రెయిన్ యుద్ధం వల్ల కావచ్చు అంటారు బ్రెగ్జిట్ భక్తులు. సరే, మీ లెక్కలే తీయండి. ఆస్ట్రేలియాతో ఒప్పందం వల్ల జీడీపీకి దీర్ఘకాలంలో 0.08 శాతం లాభం. పసిఫిక్ దేశాల సీపీటీపీపీ కూటమిలో చేరినందుకు 0.06 శాతం. భారత్‌తో ఒప్పందం వల్ల 0.13 శాతం. ఇవి శత్రువులు వేసిన అంకెలు కావు, బ్రిటిష్ ప్రభుత్వం తానే అచ్చేసుకున్నవి. మూడూ కలిపితే పావు శాతం, పైన చిల్లర. ఎగుమతుల్లో 40 శాతానికి పైగా కొనేవాడు, దిగుమతుల్లో సగం అమ్మేవాడు సముద్రం కింది సొరంగం అవతల ముప్ఫై అయిదు నిమిషాల దూరంలో ఉంటే, వాడి మీద అలిగి సిడ్నీకి ఓడలు పంపుతామన్నారు.

ఒక్కచోట బయట ఉండటం కలిసొచ్చింది, దాన్ని కాదనను. 2025లో ట్రంప్ సుంకాల కొరడా తీసినప్పుడు బ్రిటన్ మీద 10 శాతం పడింది, ఈయూ మీద చివరికి 15 శాతం. ఆ 15 శాతానికి ఈయూ తలవంచింది కూడా స్కాట్లాండ్‌లో, టర్న్‌బెరీలోని ట్రంప్ సొంత గోల్ఫ్ రిసార్టులో. బ్రెగ్జిట్ భక్తులకు అది పండగ. కానీ ఒక మనిషి మూడ్ మీద నిలిచే అయిదు శాతం తేడాను, ఏటా ఏటా కాగితాల్లో కరిగిపోయే వ్యాపారం పక్కన పెట్టి తూచమంటే, తూచే చెయ్యి వణకాలి.

వలసల మాట. ఈయూ వాళ్ల రాకను ఆపడానికే కదా చాలా ఓట్లు పడ్డాయి. 2016లో కూర రెస్టారెంట్ల యజమానులను పిలిచి, పోలండ్ వాళ్లు ఆగితే మీ వంటవాళ్లకు వీసాలొస్తాయని నమ్మబలికారు. నమ్మి ఓటేసినవాళ్లున్నారు. 2024 ఏప్రిల్‌లో నైపుణ్య వీసాకు కనీస జీతం 38,700 పౌండ్లు చేశారు. తందూరీ పొయ్యి దగ్గర నిలబడేవాడికి అంత జీతం ఏ వీధి హోటలిస్తుంది? మరోవైపు 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో నికర వలస 9 లక్షలు దాటింది. ఐరోపా నుంచి రాకపోతే నర్సు, డ్రైవరు, ఫీజు కట్టే విద్యార్థి ఇంకెక్కడి నుంచో రావాలి కదా. ఆ వచ్చినవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. చదువయ్యాక రెండేళ్లు పని చేసుకోవచ్చన్న మాట మీద అప్పు చేసి విమానమెక్కిన తెలుగు పిల్లలు. అంకె పెరిగిందని గగ్గోలు పుట్టగానే తలుపు వేయడం మొదలుపెట్టింది వీళ్ల మొహాన్నే. అబద్ధం చెప్పింది ఒకళ్లకు, దాని వడ్డీ కడుతున్నది ఇంకొకళ్లు.

ఇప్పుడు స్టార్మర్ రీసెట్ దగ్గరికి వద్దాం. ఆయన గీసుకున్న ఎర్ర గీతలు మూడు: ఉమ్మడి మార్కెట్ లేదు, కస్టమ్స్ యూనియన్ లేదు, స్వేచ్ఛగా రాకపోకలు లేవు. సరే, ఆ గీతల లోపల ఏం ఒప్పుకున్నాడు? తిండి సరుకు విషయంలో ఈయూ నిబంధన ఎలా మారితే బ్రిటన్ నిబంధన అలా మారుతూ పోతుంది. వివాదం వస్తే ఈయూ చట్టానికి అర్థం చెప్పే ఆఖరి మాట యూరోపియన్ కోర్టుది. డబ్బూ కట్టాలి. నిబంధన రాసేచోట ఓటు లేదు. దీనికి బదులుగా లారీలు ఆగవు. అదే సమయంలో ఈయూ పడవలు బ్రిటిష్ నీళ్లలో చేపలు పట్టుకునే ఏర్పాటును 2026తో ముగియనివ్వకుండా 2038 దాకా పొడిగించాడు. జీడీపీలో 0.1 శాతం కూడా లేని చేపల పరిశ్రమ కోసం దేశాన్ని ఊపేసి, దాదాపు 70 శాతం గ్రిమ్స్‌బీ ప్రాంతం చేత వెళ్లిపోదామని ఓటేయించి, చివరికి ఆ చేపనే బేరంలో పెట్టారు.

ఈ బేరం తప్పని నేను అనను. లారీ కదలడం మంచిదే. కానీ ఇది నార్వే దారి, ఒక అంగుళం మేర. నిబంధన పాటించు, డబ్బు కట్టు, మాట్లాడకు. ఆ సంగతి నోరు తెరిచి చెప్పడానికి ఆయనకు ధైర్యం లేదు. రహస్యంగా ఒక్కొక్క అంగుళం జరుపుకుంటూ, ఎవరూ గమనించని వేళ ఇంటికి చేరిపోదామన్న ఆలోచన ఇది. గమనిస్తారు. బ్రెగ్జిట్ ప్రచారకుడు నైజల్ ఫరాజ్ బతుకే అది గమనించడం మీద నడుస్తుంది. అప్పుడు మళ్లీ దేశద్రోహం, మళ్లీ ఎర్ర బస్సు.

కస్టమ్స్ యూనియన్ ఒక్కటి చాలు, అన్నీ సర్దుకుంటాయి అనేవాళ్లూ అంతే. టర్కీ కథ వాళ్లు చెప్పరు. 2025 జూలై 24న మోదీ, స్టార్మర్ల సమక్షంలో సంతకమైన భారత్–బ్రిటన్ ఒప్పందం ఉంది కదా. ఈయూతో కస్టమ్స్ యూనియన్‌లోకి వెళ్తే బయటి దేశాల మీద సుంకం ఈయూ చెప్పినంతే. సొంతంగా తగ్గించే హక్కుండదు. అంటే ఆ ఒప్పందం ఉన్నది ఉన్నట్టు బతకదు. అందులో 4.2 నుంచి 8.5 శాతం దాకా ఉన్న సుంకం పోయి సున్నా అవుతుందని భీమవరం రొయ్యకు ఆశ పెట్టారు. 2025లో అమెరికా వేసిన 50 శాతం సుంకంతో కుదేలైన గోదావరి జిల్లాల ఆక్వా రైతు ఆ ఆశ పట్టుకుని ఉన్నాడు. తనిఖీల సంగతీ చూడండి. మన చెరువు రొయ్యలో యాంటీబయాటిక్ అవశేషాలు ఉంటాయేమోనని ఈయూ 2016 నుంచి వచ్చే సరుకుల్లో సగానికి పరీక్ష చేస్తోంది. తిండి నిబంధనలను బ్రస్సెల్స్‌తో కలిపి నడుపుతామని బ్రిటన్ ఒప్పుకున్నాక, లండన్ ప్లేటులోకి వెళ్లే రొయ్యకు కూడా షరతు పుట్టేది బ్రస్సెల్స్‌లోనే. సంతకం పెట్టించిన ఢిల్లీవాళ్లు ఈ మాట ఆ రొయ్యల రైతుకు చెప్పారా? అబద్ధం ఒక్క లండన్ సొత్తు కాదు.

నా వరకు నాకు అనుమానం లేదు. బ్రిటన్ ఉమ్మడి మార్కెట్‌లోకి, కస్టమ్స్ యూనియన్‌లోకి రెండింటిలోకీ తిరిగి వెళ్లాలి. దానికి ధర ఉంది: ఐరోపా వాళ్లు వచ్చి పనిచేస్తారు, ఏటా డబ్బు కట్టాలి, పూర్తి సభ్యత్వం దక్కేదాకా రాయని నిబంధన పాటించాలి, సొంత వాణిజ్య ఒప్పందాలు వదులుకోవాలి. ఈ నాలుగు మాటలూ సండర్‌లాండ్ వెళ్లి, నిస్సాన్ ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి, వెళ్లిపోదామని 61 శాతం ఓటేసిన ఊరి మొహం చూస్తూ చెప్పాలి. వద్దంటారా, వద్దనే హక్కు వాళ్లకుంది. అప్పుడు పేదరికం కాస్త పెరుగుతుంది, అదీ తెలిసి ఎంచుకున్నట్టవుతుంది. తెలియకుండా ఎంచుకోవడమే ఇంతకాలం జరిగింది.

2025 డిసెంబరు 9న లిబరల్ డెమొక్రాట్ సభ్యుడొకరు ఈయూతో కస్టమ్స్ యూనియన్ కోసం చర్చలు జరపాలంటూ కామన్స్ సభలో బిల్లు పెట్టాడు. అటు 100, ఇటు 100. సభాధ్యక్ష స్థానం తన ఓటు కలిపితే గట్టెక్కింది. ప్రభుత్వ మద్దతు లేని బిల్లు, చట్టమయ్యే ఆశ లేదు. కానీ ఆ సభలో సభ్యులు 650 మంది. దేశానికి పదేళ్లుగా పట్టిన ప్రశ్న మీద ఓటింగ్ పెడితే నాలుగు వందల మందికి పైగా ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. చేపల వ్యాపారి ఖాళీ లారీ వేసుకుని మీ గుమ్మం దాకా వచ్చాడే, మీరు ఆ గుమ్మం దాటి ఓటు వేసే చోటికి నడవలేకపోయారా?